ఆరో బావి

మొన్న ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతూ ఒక్క కేక దగ్గర ఆగిపోయాను. ముప్పై ఏళ్ళకు పైగా సినిమాల్లో అమ్మలకీ అత్తలకీ గొంతు అరువిచ్చి బతికినదాన్ని. ఏడుపంటే నాకు మంచినీళ్ళ ప్రాయం. తెర మీద ఒక వంతెన, దాని మీద కొడుకు కోసం పరిగెత్తే తల్లి. నేను చెయ్యాల్సిందల్లా "బాబూ!" అని ఒక్క కేక వెయ్యడం. అద్దం అవతలనుంచి ఆ కుర్ర డైరెక్టరు "అమ్మా, ఇంకొంచెం ఫీల్ కావాలి, వన్ మోర్ ప్లీజ్" అంటాడు. నాలుగుసార్లు నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. చివరికి "గొంతు పట్టేసింది బాబూ, రేపొచ్చి చెబుతాను" అని అబద్ధమాడి బయటపడ్డాను.

కారు నడిపే అతనిది యూసుఫ్‌గూడ. పెళ్ళాంపిల్లలున్నవాడు, మంచివాడే కానీ నోరు ఊరుకోదు. చెక్‌పోస్టు దగ్గర బండ్లు కదలక నిలబడిపోయాం.

"ఏంది మేడం, గట్ల ఉన్నరు? తబియత్ మంచిగ లేదా?"

"వంతెన సీను. చెప్పలేకపోయాను."

"బ్రిడ్జంటే నాక్కూడ జర భయమే మేడం. చిన్నగున్నప్పుడు మా అమ్మ అనేది, బ్రిడ్జి కడుతున్రు, పిల్లల్ని ఎత్తుకపోయి పునాదుల ఏస్తరు, ఇంట్లనే ఉండురా అని. నిజంగ ఏస్తరా మేడం గట్ల?"

"వేస్తారు" అన్నాను.

అతను అద్దంలో నా మొహం చూసి, నవ్వబోయి మానేశాడు. శ్రీనగర్ కాలనీలో ఇంటిముందు దింపాడు. పాపం, ఆ ఒక్క మాటతో అతన్నెందుకు భయపెట్టానా అనిపించింది. కాఫీ పెట్టుకుని కూర్చున్నాను. ఈ వయసులో ఇంకా దాచుకుని నేనేం మూటగట్టుకుపోతాను గనక! చెప్పేస్తాను.

మాది కోస్తాలో ఏటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అప్పట్లో ఏరు దాటాలంటే పంటు ఎక్కాల్సిందే. రెండు పడవలు పక్కపక్కన బిగించి పైన బల్లలు పరిస్తే అదే పంటు. మనుషులూ, మేకలూ, కొబ్బరికాయల బస్తాలూ, పెళ్ళివాళ్ళూ అందరూ దానిమీదే. పెద్దాసుపత్రి అవతలి ఒడ్డున ఉండేది. వరదలొస్తే పంటు ఆపేసేవారు. నా తరవాత పుట్టిన చెల్లి అలాంటి వరదల్లోనే జ్వరమొచ్చి ఈ ఒడ్డునే పోయింది. ఆసుపత్రి దీపాలు ఇటువైపుకి కనిపిస్తూనే ఉన్నాయట. ఆ మాట చెప్పినప్పుడల్లా మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. ఉపవాసాలుండి, మోకాళ్ళు కాయలు కాసేలా ప్రార్థనలు చేస్తే తమ్ముడు పుట్టాడు. అందుకే వంతెన కడతారన్న కబురు తెలిసి ఊరంతటిలోకీ ఎక్కువ సంతోషించింది మా అమ్మే, ఎక్కువ భయపడిందీ మా అమ్మే.

అప్పుడు నాకు పదేళ్ళు, వాడికి నాలుగు. లారీలొచ్చాయి. ఇసుకతిన్నె మీద రేకుల పాకలు లేచాయి. ఊళ్ళో ఎటు చూసినా డీజిలు వాసన, తడి సిమెంటు వాసన. సిమెంటు సంచుల కాగితం ఎత్తుకొచ్చి పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళం. మా క్లాసులో అందరి అట్టలూ అవే. పుస్తకాలు దిద్దేటప్పుడు పంతులమ్మ తుమ్ములు ఆపుకోలేక, "ఒరేయ్, వంతెనకి సిమెంటు మిగిల్చారా లేదా?" అని విసుక్కునేది.

వంతెనకి ఏడు స్తంభాలు. ఒక్కో స్తంభం కింద ఒక్కో బావి. బావంటే నీళ్ళు తోడుకునేది కాదు. ఇసుకలో గుండ్రంగా కాంక్రీటు గోడ కట్టి లోపలి ఇసుక తోడేస్తూ ఉంటే, ఆ గోడ తన బరువుకి తనే కిందికి దిగుతుంది. పైన మళ్ళీ గోడ కడతారు, మళ్ళీ దింపుతారు. గట్టినేల తగిలాక అడుగు మూసేస్తారు. మధ్యలో ఏ చెట్టు మొద్దో అడ్డుపడితే మాత్రం మనిషి ఆ బావినీళ్ళ అడుక్కి దిగి తియ్యాలి.

ఆ మనిషిని మొదటిసారి చూసినరోజు నా పైప్రాణాలు పైనే పోయాయి. బావిలోంచి ముందు ఒక ఇత్తడి తలకాయ వచ్చింది. మొహం లేదు. మొహం ఉండాల్సినచోట గుండ్రటి గాజుకన్ను ఒకటి. నెత్తినుంచి నల్లటి గొట్టం వేలాడుతోంది. తమ్ముడు నా గౌను పట్టుకుని నిలబడ్డచోటే తడిపేశాడు. ఇంతలో ఒకావిడ దగ్గరికెళ్ళి మరలు తిప్పి ఆ తలకాయ ఊడదీసింది. చూస్తే లోపల బట్టతలా, బుర్రమీసాలూ, ముక్కు చీదుకుంటున్న మామూలు మనిషి! మమ్మల్ని చూసి నవ్వాడు కూడా.

వాళ్ళు శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన మొగుడూపెళ్ళాలు. అతను నీళ్ళలోకి దిగితే ఒకడు పైనుంచి పంపు కొట్టి గాలి పంపేవాడు. నడుముకి కట్టిన తాడు మాత్రం ఆవిడే పట్టుకునేది. ఇంకెవరూ ముట్టకూడదు. పెళ్ళాం చేతిలోనే మొగుడి తాడు ఉండాలని వాళ్ళ ఆచారం. అడుగునుంచి అతను ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లు లాగితే తాడు వదలమని. మూడుసార్లు లాగితే వెంటనే పైకి తీసెయ్యమని. అతను కిందున్నంతసేపూ ఆవిడ తాడు మణికట్టుకి చుట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది.

"కళ్ళు మూసుకుంటే ఎలా తెలుస్తుంది?" అని అడిగాను ఒకసారి.

"కళ్ళకేటి తెలుస్తాది పాపా, సెయ్యి సెప్పాల" అంది.

ఊళ్ళో మాత్రం వేరే మాట నడుస్తోంది. ఏడు బావులు, ఏడుగురు పిల్లలు. ఏరు ఊరికే వంతెన మొయ్యదట. సంచి భుజాన వేసుకున్న పరాయివాడు కనపడితే చాలు, వీధి వీధంతా తలుపులు పడేవి. బడికి సగంమంది పిల్లలు మానేశారు. మా నాయనమ్మైతే రోజూ ఎవరో ఒక పిల్లాడు మాయమైన కథ మోసుకొచ్చేది.

మిషను బళ్ళో మాస్టారుగా చేస్తూ, ఆదివారాలు చర్చిలో హార్మోనియం వాయించే మా నాన్నకి ఇలాంటివంటే ఒళ్ళుమంట. "అమ్మా, మనం యేసు ప్రభువుని నమ్ముకున్నవాళ్ళం. ఈ బలుల పిచ్చేమిటి నీకు?" అనేవాడు.

"మనం నమ్ముకున్నాం సరేరా, ఏటికి ఆ సంగతి తెలియొద్దూ!" అనేది నాయనమ్మ.

బలికి ఒంటిమీద మచ్చ లేని బిడ్డ కావాలట. మచ్చపడ్డ బిడ్డ పనికిరాదట. అందుకని అమ్మలందరూ పిల్లలకి వాతలు పెట్టడం మొదలెట్టారు. నాన్న బడికెళ్ళినప్పుడు నాయనమ్మ సాంబ్రాణి కడ్డీ వెలిగించి నా మోచేతి కింద చురుక్కుమనిపించింది. కెవ్వుమన్నాను. నా అరుపుకి తమ్ముడు జడుసుకుని మంచంకిందికి దూరాడు. సాయంత్రం నాన్నకి తెలిసి ఇల్లు పీకి పందిరేశాడు. "వాడి జోలికి వెళ్ళారంటే ఊరుకోను" అన్నాడు. అలా మా వీధి మొత్తంమీద మచ్చలేని పిల్లాడు మా తమ్ముడొక్కడే మిగిలాడు. నిద్రపోతున్న వాడి నున్నటి చేతులు చూస్తే నాకు ముచ్చెమటలు పోసేవి.

అయినా పాకల దగ్గరికి వెళ్ళడం మానానా? మానలేదు. ఆవిడ వండే చింతచిగురు, ఎండునెత్తళ్ళ కూర అలాంటిది. వాసన ఏటిగట్టు దాకా వచ్చేది. వెళితే సత్తుగిన్నెలో అన్నం కలిపి పెట్టేది. ఒకరోజు నేను తింటుంటే అడిగింది.

"పాపా, తమ్ముడు తొడిగి ఇడిసేసిన పాత సొక్కా ఒకటుంతే తెస్తావేటి?"

"ఎందుకూ?"

"బావి అడుగు మూసేముందు పిండిబొమ్మని సేసి నీళ్ళల్లోకి ఒగ్గుతాం. పసిపిల్లోడు తొడిగిన గుడ్డ కట్టాల దానికి. బొమ్మని సూసి, మనిసనుకుని ఏరు ఊరుకుంతాది. మీ మావయ్య దిగే నీళ్ళు కదా! మా కడుపున ఒక్కటీ నిలబడలేదు, ఇంట్లో పసిగుడ్డలు లేవు. ఊళ్ళో ఏ తల్లినడిగితే ఇస్తాది?"

అయిదు బావులకీ ఎక్కడెక్కడో అడిగి తెచ్చిన గుడ్డలు సరిపెట్టిందట. ఆరోదానికి లేవు. మర్నాడు తమ్ముడికి పొట్టైపోయిన పసుపుచొక్కా, రెండు బొత్తాలు ఊడినది, గౌనులో దాచి పట్టుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుంది. ఆ రోజు కూర రెండుసార్లు వడ్డించింది. ఏదో ఘనకార్యం చేసినట్టు ఎగురుకుంటూ ఇంటికొచ్చాను.

ఇంట్లో నాయనమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ పక్కింటావిడతో అంటోంది, "పిల్లల విడిచిన బట్టలు ఆరుబయట వెయ్యకండర్రా. బట్ట చేజిక్కితే బిడ్డ చేజిక్కినట్టే. ముందు బట్ట వెళుతుంది, మూడోనాడో నాలుగోనాడో దానివెనకే బిడ్డ వెళతాడు."

నా గుండె గుభేలుమంది. అప్పుడే అమ్మతో చెప్పేస్తే అయిపోయేది. చెబితే పాకల దగ్గరికి వెళ్ళావా అని నాన్న చీరేస్తాడు. నోరు మూసుకున్నాను.

ఆ తరవాత మూడురోజులు నేను పడ్డ నరకం పగవాళ్ళకి కూడా వద్దు. తమ్ముడి చెయ్యి వదిలితే ఒట్టు. తింటుంటే పక్కన, దొడ్లోకెళితే వెనక. వాడు నిద్రపోతే ముక్కుదగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వాడికి చిరాకెత్తి నా భుజం కొరికాడు. కొరికితే కొరికాడులే, పళ్ళున్నాయి, ప్రాణం ఉంది అనుకున్నాను. ఆరోబావి అడుగు మూసేది నాలుగోరోజని తెలుసు. ఆ రోజు మధ్యాహ్నం అమ్మ నీళ్ళబిందె ఎత్తమని పిలిస్తే ఒక్క నిమిషం లోపలికెళ్ళాను. వచ్చేసరికి అరుగుమీద వాడు లేడు.

ఇల్లు వెతికాం. వీధి వెతికాం. అమ్మ ఏటిగట్టు మీదికి పరిగెత్తి "బాబూ!" అని కేక వేసింది. అలాంటి గొంతు మనిషికి ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు. నాన్న బడినుంచి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని కుదిపాడు.

"ఎక్కడే వాడు? నీతోనే కదే ఉన్నాడు!"

"నాన్నా... తాడు పట్టుకునే ఆవిడ... తమ్ముడి చొక్కా లాక్కుంది నాన్నా!"

ఇచ్చాననలేదు. లాక్కుందన్నాను.

బలులంటే నవ్వే మా నాన్న, కోడిని కూడా కొట్టని మా నాన్న, గడకర్ర తీసుకుని అందరికంటే ముందు పరిగెత్తాడు. ఊరు వెనకాల. పాకలో పిండిబొమ్మ దొరికింది, పసుపుచొక్కా తొడుక్కుని. ఇంకేం చూపించాలి? ఆవిడ మొగుణ్ణి ఇసుకలో పడేసి కొట్టారు. ఆవిడ అడ్డంపడి, "పిల్లోడిని మేమేటి సేస్తాం బాబూ, అది బొమ్మ బాబూ" అని అందరి కాళ్ళూ పట్టుకుంది. పోలీసులొచ్చి ఆవిణ్ణి జీపెక్కించారు. గట్టుమీద నిలబడి నేనంతా చూశాను.

పొద్దుగూకే వేళకి చర్చి తుడిచే తాత మా తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చాడు. హార్మోనియం పెట్టె వెనక, మడతపెట్టిన షామియానా గుడ్డలకింద పడి నిద్రపోతున్నాడట.

"ఎందుకెళ్ళావురా అక్కడికి?" అని అమ్మ వాణ్ణి గుండెలకి అదుముకుని ఏడుస్తూ అడిగింది.

"అక్క వదలట్లేదు. అందుకే దాక్కున్నా" అన్నాడు.

మర్నాడు పొద్దున కానిస్టేబులు ఇంటికొచ్చాడు. పిల్లాడు దొరికినా చొక్కా సంగతి తేలాలి, ఊళ్ళో జనం ఊరుకోవట్లేదు అన్నాడు. నన్ను ముందు నిలబెట్టారు.

"భయపడకమ్మా. నువ్విచ్చావా, ఆవిడ లాక్కుందా?"

నాన్నవైపు చూశాను. గోడకానుకుని నిలబడ్డాడు. రాత్రంతా నిద్రపోనట్టున్నాడు. నేనిచ్చానంటే ఆయన ఏ తప్పూ చెయ్యని మనిషిని ఊరందరి ముందూ కొట్టినట్టు. అది ఆయనకీ తెలుసు.

"లాక్కుంది" అన్నాను.

నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. కానిస్టేబులు రాసుకుని వెళ్ళిపోయాడు. ఆవిణ్ణి వదల్లేదు.

ఆ మర్నాడే ఎగువన వానలు పడ్డాయని, రెండురోజుల్లో వరదనీరు దిగుతుందని కబురొచ్చింది. ఆ గొడవలో ఆరోబావి మూయనేలేదు. పైగా అడుగున ఓ పక్క అంతకుముందు కనపడని మొద్దు అడ్డుపడి బావి ఒరుగుతోంది. తీయకపోతే ఏడాది పనంతా ఏటిపాలు. అతన్ని దిగమన్నారు. నా ఆడది వచ్చినాక దిగుతాను బాబూ అని ఇంజనీరు ముందు చేతులు జోడించాడు. నీళ్ళు ఆగవయ్యా అన్నారు. కొట్టిన దెబ్బలకి ఒక కన్ను ఇంకా తెరుచుకోలేదు. ఆ మొహంమీదే ఇత్తడి తలకాయ బిగించారు. తాడు ఎవడో కొత్త కూలీ పట్టుకున్నాడు.

బడి ఎగ్గొట్టి గట్టుమీద ఉన్నాను నేను. నన్నెవరూ రమ్మనలేదు. కాళ్ళే తీసుకెళ్ళాయి. కొత్తవాడు పక్కవాడితో ఏదో మాట్లాడుతున్నాడు. తాడు కదిలింది. కిందనుంచి మూడుసార్లు లాగాడట, పంపు కొట్టేవాడు తరవాత చెప్పాడు. కొత్తవాడికి రెండే తెలిశాయి. పైకి లాగాల్సిన తాడుని ఇంకా వదిలాడు. కాసేపటికి బావిలోనుంచి బుడగలు పెద్దగా వచ్చి, ఆగిపోయాయి. అందరూ కలిసి లాగారు. ఇత్తడి తలకాయ పైకొచ్చింది. మరలు తిప్పినవాళ్ళు లోపలికి చూసి తువ్వాలు కప్పేశారు.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఏరు తనక్కావలసింది తీసుకుంది, ఇంక పిల్లల జోలికి రాదు అన్నారు. "ప్రభువుకి స్తోత్రం, పరాయివాడితో పోయింది" అంది నాయనమ్మ. వీధుల్లో మళ్ళీ గోలీలాట మొదలైంది. ఒక్క మా నాన్న మాత్రం నాలుగు ఆదివారాలు చర్చిలో హార్మోనియం ముట్టుకోలేదు. నన్ను ఏమీ అడగలేదు. చచ్చిపోయేదాకా అడగలేదు.

వంతెన పూర్తయింది. మేళాలు, రంగుకాగితాల తోరణాలు, గట్టునిండా జనం. పంటు కొన్నాళ్ళు ఒడ్డున ఎండి, వంటచెరుకైపోయింది. ఓ ముసురురోజు తమ్ముడికి కడుపునొప్పొస్తే ఆ వంతెనమీదుగానే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గంట ఆలస్యమైతే పేగు పగిలేదన్నారట డాక్టర్లు. వాడిప్పుడు మనవలతో ఆడుకుంటున్నాడు. పక్కనే వెడల్పాటి కొత్త వంతెన వేశాక పాతదానిమీద బస్సులు ఆపేశారు. పొద్దున్నే జనం దానిమీద నడకకి వెళతారు. ఊరు వెళ్ళినప్పుడల్లా నేనూ నడుస్తాను. ఆరో స్తంభం వచ్చేసరికి చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంటాను. ఎందుకని ఎవరైనా అడిగితే అరికాళ్ళు మండుతున్నాయంటాను, చల్లనివేళ కూడా.

చెప్పకుండా దాటేసిన సంగతి ఒకటుంది. అతను పోయిన పూటే ఆవిణ్ణి స్టేషనులోంచి వదిలేశారు. అంతకుముందే కానిస్టేబులు నా మాటలన్నీ ఆవిడకి చదివి వినిపించాడని మాకు తరవాత తెలిసింది. నాలుగోరోజు బడినుంచి వస్తుంటే పంటురేవు దగ్గర ఎదురుపడింది. నెత్తిన రేకుపెట్టె, భుజాన చుట్టచుట్టిన తాడు. సందు ఇరుకు, పారిపోవడానికి దారి లేదు. కొడుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. శపిస్తుందనుకున్నాను.

పెట్టె దించి నా ఎదురుగా వంగింది. "తమ్ముడు దొరికీసినాడంట కదేటి పాపా. బాగున్నాడేటి?"

తల ఊపాను.

"అదే సాలు. ఆడి సెయ్యి పట్టుకో, ఒగ్గీకు" అని, పెట్టె ఎత్తుకుని పంటెక్కింది.

పంటు ఏరు దాటడానికి ఎంతసేపు పట్టేదో మా ఊరివాళ్ళకి తెలుసు. అంతసేపూ ఒడ్డున నిలబడే ఉన్నాను. కేకేస్తే వినపడే దూరమే, సగం ఏటిదాకా. నాన్న గుర్తొచ్చాడు. నోరు పెగల్లేదు. ఆవిడ అవతలి గట్టెక్కి జనంలో కలిసిపోయింది. పేరు కూడా అడగలేదు నేను. ఇప్పుడు బతికుండదు. బతికున్నా ఈ మాట ఆవిణ్ణి చేరదు. అయినా చెబుతున్నాను.

ఆ చొక్కా నేనే తెచ్చి ఇచ్చానమ్మా. నువ్వు లాక్కోలేదు.